అయ్యగారి బండికి అద్దం

మా వీధిలో కొత్తగా బ్యాంకు ఉద్యోగంలో చేరిన అమ్మాయి ఒకతె ఉంది. రోజూ బైకు మీద తణుకు వెళ్లి వస్తుంది. మొన్న నన్ను ఆపి, "ఆంటీ, బండికి ముందు విండ్‌షీల్డ్ పెట్టించుకుందామనుకుంటున్నానండి. పెద్దది తీసుకోమంటారా, చిన్నది తీసుకోమంటారా?" అని అడిగింది. "బండి నడుపుతూ మాట్లాడే అలవాటుందా నీకు?" అన్నాను. ఆ పిల్ల నా వంక అదోలా చూసింది. రిటైరయ్యాక ఈవిడకి మతి చలించిందనుకుని ఉంటుంది. నేనలా ఎందుకు అడిగానో చెప్పాలంటే ఒక పాస్టరు గారి సంగతి చెప్పాలి. అది రోడ్డు మీద నిలబడి చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయీ, ఆమె ఈడు వాళ్లూ తీరిగ్గా చదువుకోవచ్చు.

నేను నిడదవోలులో ఒక బైకుల షోరూములో స్పేర్ పార్టుల కౌంటర్ చూసేదాన్ని. చేరిన నాటి నుంచి దిగిన నాటి దాకా అదే కౌంటరు, అదే ఎత్తు స్టూలు. పుట్టింది మొగల్తూరు అవతల సముద్రం పక్కన, చేపలు పట్టుకుని బతికే ఇంట్లో. కౌంటరు దగ్గరికి వచ్చిన ప్రతివాడూ మొదట అడిగేది, "మగాళ్లెవరూ లేరాండీ?" అని. "ఉన్నారండి, లోపల నేను చెప్పిన పని చేస్తున్నారు" అనేదాన్ని. అది పూర్తిగా నిజం కాదు. లోపల ఉన్న మా హెడ్ మెకానిక్ ఎవరు చెప్పిన పనీ చేసే రకం కాదు. పనితనం చేతిలో, చేదు నాలిక మీద పెట్టుకుని పుట్టినవాడు. ఏ బండి వచ్చినా ముందు దాని యజమానికి నాలుగు తగిలించి, తర్వాతే బండి ముట్టుకునేవాడు. నన్ను మాత్రం "చెల్లెమ్మా" అనేవాడు. నేను కోపం వస్తే "మాస్టారూ" అనీ, కోపం లేనప్పుడు "అన్నయ్య గారూ" అనీ పిలిచేదాన్ని. ఎక్కువగా మాస్టారే.

ఒక శీతాకాలం మధ్యాహ్నం పాస్టరు గారి భార్య కౌంటరుకు వచ్చారు. మా వైపు పాస్టరు గారిని అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ అంటారు. చర్చికి వెళ్లని మాబోటి వాళ్లం కూడా అలాగే పిలుస్తాం.

"మేడమ్ గారూ, గాలి తగలకుండా బండికి ముందు ఏదైనా పెడతారాండి?" అన్నారావిడ.

"పెడతామండి. ఎవరికి?"

"అయ్యగారికండి. ఆదివారం వచ్చిందంటే గొంతు పోతుందండి."

అయ్యగారి కింద మూడు ఊళ్ల చర్చిలు ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే బండెక్కి కాలవగట్టు మీదుగా మొదటి ఊరు, అక్కణ్ణుంచి రెండో ఊరు, మధ్యాహ్నానికి మూడో ఊరు. ఆ మూడోది గట్టు చివర, పొలం పనులకు వెళ్లే కొద్ది కుటుంబాలున్న ఊరు. అంతకుముందున్న పాస్టర్లు నెలకోసారి వెళ్లి వచ్చేవారు. ఈయన మాత్రం చేరిన రోజే, ప్రతి ఆదివారం వస్తానని వాళ్లకు మాటిచ్చారు. ఇచ్చినట్టే వెళుతున్నారు కూడా. తీరా అక్కడికి చేరేసరికి గొంతు రాదు. రెండు మాటలు బొంగురుగా చెప్పి, ప్రార్థన చేసి వచ్చేస్తున్నారు. డాక్టరు చూసి జబ్బేమీ లేదు, చలిగాలి తగలనివ్వకండి అన్నారట. ఈలోగా సంగతి పైవాళ్లకు చేరింది. మనిషిని రాజమండ్రిలో ఆఫీసు పనికి మార్చి, మూడో ఊరిని మళ్లీ నెలకోసారి పద్ధతిలో పెడదామని అనుకుంటున్నారు. వచ్చే నెల ఒక ఆదివారం పెద్దాయన ఒకరు నేరుగా మూడో ఊరికే వచ్చి, కూర్చుని విని తేలుస్తారట.

"మార్పంటే ఆయనకి భయం లేదండి," అన్నారు అమ్మగారు. "ఆ ఊరోళ్లకి మాటిచ్చేశాను, ఏ మొహం పెట్టుకుని వెళ్లను అని ఒకటే ఇదవుతున్నారు."

"మీరు దిగులు పడకండమ్మా. బండికి అద్దం పెడదాం," అన్నాను.

గొడవంతా ఆ మాటలో ఉంది. మన భాషలో కిటికీకి ఉన్నదీ అద్దమే, మొహం చూసుకునేదీ అద్దమే. నేను చెప్పింది గాలి ఆపే అద్దం. అమ్మగారు ఆ మాటే మొదటి ఊరి సంఘ పెద్దతో అన్నారు. ఆయన ఆదివారం ఆరాధన అయ్యాక లేచి, "అయ్యగారి బండికి అద్దం అవసరం ఉందని తెలిసింది, ప్రేమగలవాళ్లు ముందుకు రావాలి" అని ప్రకటించారు. ఆ కబురు అయ్యగారి బండి కన్నా ముందే గట్టు దాటి మిగతా రెండు ఊళ్లకూ చేరింది.

సోమవారం అయ్యగారు షోరూముకు వచ్చారు. ఆయన బండి హ్యాండిల్ నిండా వెనక వచ్చే వాహనాలు చూసుకునే అద్దాలు. ఒక ఊరివి గుండ్రంగా, ఇంకో ఊరివి పలకలుగా, ఎవరో రంగుల అంచున్నవి కూడా తెచ్చారు. అన్నీ బిగించేసి ఉన్నాయి. ఎండకి ఆ బండి వైపు చూడలేకపోయాం.

మా హెడ్ మెకానిక్ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "ఇది బండాండీ, సెలూనా?" అన్నాడు.

"ఎవరిది తీస్తే ఎవరు నొచ్చుకుంటారో అనండి..." అన్నారు అయ్యగారు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "మూడో ఊరోళ్లు గోడకి తగిలించుకునే అద్దం తెచ్చారండి. అది బండికి పట్టలేదు. ఇంట్లో పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాను."

మనిషి ఎలాంటివాడో నాకు అప్పుడే తెలిసింది. నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లి కాసేపు డబ్బాల వెనక నిలబడ్డాను. ఆ రోజు నుంచి మా షోరూములో వెనక చూసేది వెనకద్దం, గాలి ఆపేది ముందద్దం. ఇప్పటికీ అక్కడ అలాగే అంటున్నారని విన్నాను.

ముందద్దాల్లో మా దగ్గర మూడు రకాలున్నాయి. ఒకటి హెడ్‌లైటు మీద కూర్చునే చిన్న వైజరు. అది అందానికి తప్ప పెద్దగా పనికిరాదు. రెండోది రేసు బండ్లకుండే నిండు తొడుగు. అది ఆయన బండికి పట్టదు, పట్టినా దాని చాటున వంగి కూర్చోవడానికి అయ్యగారి పొట్ట ఒప్పుకోదు. మూడోది హ్యాండిల్‌కి బిగించే పారదర్శకమైన పెద్ద ప్లాస్టిక్ పలక. అందులో రకరకాల ఎత్తులూ వెడల్పులూ వస్తాయి. అయ్యగారు ఫోనులో బొమ్మలన్నీ చూసి అన్నిటికన్నా ఎత్తయినదీ వెడల్పయినదీ కావాలన్నారు. "గాలి ఆపాలంటే గోడే కట్టాలి మరి" అని హెడ్ మెకానిక్ ఒప్పుకున్నాడు. నాకూ అదే సబబనిపించింది. తెప్పించి బిగించాం. దాని వెనక కూర్చుంటే అయ్యగారు బస్సు డ్రైవరులా కనిపించారు.

మరుసటి ఆదివారం మూడో ఊరి దాకా అక్కర్లేకపోయింది, రెండో ఊళ్లోనే గొంతు పోయింది. పైగా కాలవ వంపు దగ్గర తూర్పుగాలి పక్కనుంచి కొడితే హ్యాండిల్ చేతిలోంచి లాగేసి బండి గట్టు అంచుకు వెళ్లిందట. కొంచెంలో తప్పింది. వినగానే నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో కాదు. పడవ మీద తెరచాప ఎత్తితే గాలి పడవని ఎటు తోస్తుందో చూస్తూ పెరిగినదాన్ని. అలాంటి దాన్ని, హ్యాండిల్‌కి తెరచాప కట్టి మనిషిని కాలవగట్టు మీదకి పంపాను.

"సముద్రం దగ్గర పుట్టానని మాటలు చెప్పడానికేనా చెల్లెమ్మా?" అన్నాడు మా మాస్టారు.

"గోడ కట్టమన్నది ఎవరండీ?" అన్నాను.

బండి ఊగడం సరే, దానికి కారణం తెలుసు. గొంతు ముందుకంటే తొందరగా ఎందుకు పోయింది? గాలి ఆగినప్పుడు కాస్తయినా మెరుగుపడాలి కదా. అది నాకు మింగుడు పడలేదు. పెద్దాయన వచ్చే ఆదివారం దగ్గర పడుతోంది. ఆదివారం మాకు సెలవే కాబట్టి, ఆ వారం నా స్కూటీ తీసుకుని, అయ్యగారికి చెప్పకుండానే ఆయన వెనక బయల్దేరాను.

ఊరు దాటి గట్టెక్కాక ఏదో కేక వినిపించింది. ఎవరైనా కాలవలో పడ్డారేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్లేకొద్దీ మాటలు తెలిశాయి. "ప్రియమైన సహోదరీ సహోదరులారా!" అంటున్నారు అయ్యగారు. ముందు రోడ్డు తప్ప ఎవరూ లేరు. ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని రెండో చేత్తో చూపుడువేలు ఆడిస్తూ, గొంతు చించుకుని ప్రసంగం చెప్పుకుంటూ వెళుతున్నారు. మధ్యలో ఒక కీర్తన ఎత్తుకున్నారు. కాలవలో బాతుల మంద తలలెత్తి చూసింది. చేలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లు నడుం ఎత్తకుండానే చెయ్యూపారు. వాళ్లకిది వారం వారం ఉన్న భాగ్యమేనని తెలుస్తూనే ఉంది. అంటే ఈయన మూడు ఊళ్లలో మూడు ప్రసంగాలే కాదు, దారి పొడుగునా ఇంకో మూడు చెబుతున్నారు, అవీ గాలితో పోటీపడి.

రెండో ఊరి పొలిమేరలో బండి ఆపించాను. నన్ను చూసి ఆయన దొంగ దొరికినట్టు నిలబడిపోయారు.

"ఎప్పట్నుంచండీ ఈ అలవాటు?"

"మొదట్నుంచీ అంతేనండి. కాగితం ముందు కూచుంటే నాకు నిద్రొస్తుంది. గట్టు మీద వెళుతుంటే ఒక్కో మాటా దానంతటది వస్తుంది. నా మాట నాకు వినపడాలి కదండీ... అందుకని కొంచెం గట్టిగా."

"కొంచెమాండీ?"

"ఈ పెద్దద్దం పెట్టాక చెవుల దగ్గర దబదబమని ఒకటే మోత. అస్సలు వినపడట్లేదు. ఇంకాస్త పెంచాల్సి వచ్చింది," అన్నారు పాపం, తప్పు తనదే అన్నట్టు.

అప్పుడు అర్థమైంది. గొంతు పోయేది చలిగాలి వల్ల కాదు, గాలి మోత వల్ల. ఆ పెద్ద పలక పై అంచు సరిగ్గా ఆయన హెల్మెట్ ఎదుటికి వచ్చింది. అంచు మీదుగా ఎగిరిన గాలి తిన్నగా వెళ్లక సుడి తిరిగి తల మీద దరువేస్తోంది. అది పెరిగేకొద్దీ ఈయన అరుపు పెరుగుతోంది.

షోరూముకు వచ్చి చెబితే హెడ్ మెకానిక్ తేలిగ్గా తీసేశాడు. "దానికి అద్దం ఎందుకమ్మా, నోరు మూసుకుని వెళ్లమను."

"మీరు చెప్పండి, మాస్టారూ."

"నేనా? రేపు పోయాక ఏ దేవుడి దగ్గర తేలతానో నాకేం తెలుసు? ఎందుకొచ్చిన గొడవ."

అమ్మగారికి ఫోన్ చేసి అడిగాను. "పెళ్లయిన కాణ్ణుంచీ చెబుతూనే ఉన్నానండి," అన్నారావిడ. "ఇంట్లో పెద్దగా మాట్లాడరు. మాటలన్నీ బండి మీదే."

మూసిన హెల్మెట్ పెట్టించి చూశాం. అందులో తన గొంతు బావిలో మాట్లాడినట్టుందని తీసేశారు. కాబట్టి నోరు మూయించే పని మాది కాదు, మెల్లగా మాట్లాడినా తన మాట తనకు వినపడేలా చేయడం మా పని. అప్పటి దాకా కౌంటరు దగ్గర ఎంతమందికో ఎత్తు చూసి, రంగు చూసి అద్దాలిచ్చాను. కూర్చునే మనిషిని బట్టి అద్దం అన్న ఆలోచన నాకు అప్పుడే వచ్చింది.

నా పాత చీర ఒకటి చింపి పీలికలు చేసి పలక పై అంచుకూ, ఆయన హెల్మెట్‌కూ అంటించాను. షోరూము వెనక రోడ్డు మీద ఆయన బండి నడుపుతుంటే పక్కన స్కూటీ మీద వెళుతూ పీలికలు ఎటు ఎగురుతున్నాయో చూశాను. అంచు దగ్గరివి ఆయన మొహం మీదికే వచ్చి కొట్టుకుంటున్నాయి. ఇంకా ఎత్తు పెంచితే గాలి తల మీంచి పోతుంది, కానీ తెరచాప ఇంకా పెద్దదవుతుంది. కాబట్టి తగ్గించాలి, వెడల్పూ తగ్గించాలి, పై అంచును కాస్త బయటికి వంచాలి. కొత్తది తెప్పించే వ్యవధి లేదు. ఉన్నదాన్నే కోయాలి.

"కోసింది మళ్లీ అతకదు చెల్లెమ్మా," అన్నాడు హెడ్ మెకానిక్. అంత నెమ్మదిగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ముందు పక్కలు రెండూ కోశాడు. హ్యాండిల్ తేలికైంది. తర్వాత పైనుంచి ఒక వేలు మందం కోయడం, అంచు ఆకురాయితో రుద్దడం, అయ్యగారిని తిప్పి రమ్మనడం. కొలతకి కుట్టే దర్జీలా అయిపోయాం ఇద్దరం. ప్రతి కోతకూ ఒక తగువు. నేను ఇంకా తీయమంటాను, ఆయన చాలంటాడు. తర్వాత ఆయన తీస్తానంటాడు, నాకు భయమేస్తుంది. చివరికి పై అంచు అయ్యగారి గడ్డానికి కొంచెం కిందికి వచ్చింది. దాన్ని వేడి చేసి పెదవిలా బయటికి వంచి, అంచు కోసుకోకుండా రబ్బరు బీడింగు తొడిగాడు. అడుగున హెడ్‌లైటుకూ పలకకూ మధ్య కాస్త సందు వదిలాం, గాలి కొంచెం లోపలికి వస్తే వెనక సుడి తగ్గుతుందని.

అయ్యగారు తిప్పి వచ్చి బండి ఆపారు. మేమిద్దరం ఆయన నోటివైపే చూస్తున్నాం. ఆయన హెల్మెట్ తీసి పలక మీద చెయ్యి వేశారు. తర్వాత చెవిలో చెప్పినట్టు మెల్లగా, "వినపడుతుందండి," అన్నారు.

మా హెడ్ మెకానిక్ అటు తిరిగి రెంచీలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఆ ఆదివారం పొద్దున్నుంచే తూర్పుగాలి విసురుగా ఉంది. అమ్మగారు రమ్మంటే నేను నేరుగా మూడో ఊరు వెళ్లాను. బోల్టులు చూడాలనే నెపంతో హెడ్ మెకానిక్ కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఇద్దరం చర్చిలో వెనక వరసలో కూర్చున్నాం. చాలా చిన్న చర్చి, కిందంతా చాపలు. పైనుంచి వచ్చిన పెద్దాయన ముందు కుర్చీలో ఉన్నారు. బయట ఆడవాళ్లు ఆ రోజు భోజనాలకు పెద్ద గిన్నెల్లో వండుతున్నారు. అయ్యగారు అప్పటికే రెండు ఊళ్లు ముగించుకుని రావాలి. గొంతు పోయి ఉంటే ఇంక చేయగలిగిందేమీ లేదు. మా ఇళ్లలో పడవ రావడం ఆలస్యమైతే ఆడవాళ్లు ఎలా కూర్చుంటారో అలాగే కూర్చున్నాను.

బండి చప్పుడైంది. అయ్యగారు లోపలికి వచ్చి, హెల్మెట్ పక్కన పెట్టి, చెమట తుడుచుకుని అందరికీ వందనాలు చెప్పారు. ఆ ఒక్క మాటకే ముందు వరసలో ఉన్నవాళ్లు ఉలిక్కిపడి తలెత్తారు. గొంతు ఖంగుమంది. కీర్తన ఎత్తుకుంటే పైన రేకులు అదిరాయి. ఆ ఊరివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్లెప్పుడూ ఆ గొంతు వినలేదు మరి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కకి చూస్తే మా మాస్టారు చర్చి దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నాడు.

తర్వాత ప్రసంగం మొదలైంది. మొదలైంది గానీ ఆగదు. ఇన్నాళ్లూ ఆ ఊరికి బాకీ పడ్డదంతా ఆ రోజే తీర్చేయాలనుకున్నారో ఏమో. పెద్దాయన గడియారం చూసుకున్నారు. పిల్లలు అమ్మల ఒళ్లో నిద్రపోయారు. బయట గిన్నెల మీద మూతలు పెట్టి చాలాసేపయింది.

"చెల్లెమ్మా, ఆఖరి కోత కోయకుండా ఉండాల్సింది," అని హెడ్ మెకానిక్ నా చెవిలో గొణిగాడు.

ముగిశాక పెద్దాయన లేచి నవ్వుతూ, "గొంతు గురించి ఇంక అనుమానం లేదు. ఈ ఊరికి ప్రతి ఆదివారం ఆరాధన ఇలాగే జరుగుతుంది, అయ్యగారే వస్తారు. కొంచెం తొందరగా ముగిస్తే మరీ మంచిది," అన్నారు. అందరూ నవ్వారు. అమ్మగారు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

భోజనాల్లో వడ్డిస్తున్న ముసలమ్మతో నేను ఊరుకోకుండా, "మామ్మా, అన్నం చల్లారిపోయిందని మమ్మల్ని తిట్టుకోకండి. అయ్యగారి బండికి ఆ అద్దం పెట్టింది మేమే," అన్నాను.

ఆవిడ గరిటె పట్టుకుని అలాగే ఆగింది.

"తిట్టుకోడం ఎందుకమ్మా? మొదటి ఊరికి పైన తేరిన మాట, రెండో ఊరికి నడిమి మాట. మాకాడికి వచ్చేతలికి ఎప్పుడూ కుండ అడుగే వచ్చేది. అదీ మాకు తప్పనుకోలేదులే, కూడైనా అంతే కదా మాకు. ఇయ్యాల మాకూ నిండు కుండ పెట్టారు," అంది.

అని, నా ఆకులో ఇంకో గరిటె వేసింది. అప్పటికే కడుపు నిండిపోయింది, అయినా వద్దనలేదు.